ముప్పై నాలుగో జెర్సీ కింద తడి

టాలీ ఫెర్రీ ఊరు డెల్మార్ హోస్కిన్స్‌ను ఒక శుక్రవారం సాయంత్రం సకల మర్యాదలతో చంపివేసింది. ఆ సమయంలో అతను బెల్జియంలో, ఒక మేడమీది గదిలో, జ్వరంతో దుప్పటి కప్పుకుని కోడిమాంసపు చారు తాగుతున్నాడు. ఈ రెండు సంగతులకూ నా దగ్గర ఆధారాలున్నాయి. ఊరు అచ్చువేయించిన సంతాప పత్రం ఉంది. అతనికి ఆ రోజు మందు రాసిచ్చిన వైద్యుడి చీటీ ఉంది. ఆధారాలుండి ఏం ప్రయోజనం? ఒకసారి పైకి ఎత్తినదాన్ని కిందికి దించే ఆచారం మా ఊళ్ళో లేదు.

డెల్మార్ పుట్టింది అమెరికాలో, వాబాష్ నది పక్కన, ఏటా వరద తాకే మొక్కజొన్న చేల మధ్య. తండ్రి ధాన్యపు గిడ్డంగిలో పనిచేసేవాడు. తల్లి ఐవా బడి వంటశాలలో రొట్టెలు కాల్చేది. గడ్డి దాచే కొట్టం అటక మీద ఒక ఇనుప చట్రం బిగించుకుని, చలికాలమంతా వేళ్ళు కత్తిరించిన చేతితొడుగులతో ఆ కుర్రవాడు బంతి వేస్తూనే ఉండేవాడు. నేను అతనికి చరిత్ర బోధించాను. పాఠం మధ్యలో నిద్రపోయేవాడు. లేపి అడిగితే మాత్రం సరైన జవాబే చెప్పేవాడు. పదహారేళ్ళకే తల వంచనిదే మా తరగతి గుమ్మం దాటలేకపోయేవాడు.

మా ఊరి జనాభాకంటే మా బాస్కెట్‌బాల్ హాల్లో కుర్చీలు ఎక్కువ. మంచు కురిసే శుక్రవారాల్లో అవన్నీ నిండిపోతాయి. అదెలా సాధ్యమని బయటివాళ్ళు అడుగుతారు. మాకు ఆ ప్రశ్న ఎన్నడూ తోచలేదు.

ఆ హాల్లో డెల్మార్ ముప్పై నాలుగో నంబరు తొడుక్కుని మూడేళ్ళు ఆడాడు. గొప్ప ఎగిరేవాడు కాడు, గొప్పగా పరుగెత్తేవాడూ కాడు. ఎదుటివాడు ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నాడో అక్కడ ముందే నిలబడి ఉండేవాడు. కళాశాలలో నాలుగేళ్ళు అదే పని చేశాడు. పెద్ద లీగు జట్లు కుర్రవాళ్ళను ఎంచుకునే రోజున, పేరున్నవాళ్ళందరి వంతూ అయిపోయాక, ఉత్తరాది నగరపు జట్టు ఒకటి అతని పేరు చదివింది. ఆ ఫోను మా మంగలి దుకాణానికి వచ్చింది. సగం గడ్డంతో, మెడచుట్టూ గుడ్డతో అతను రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చిన దృశ్యం చూసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

పెద్ద లీగులో అతని కొలువు ఏడాదిన్నర. దానిలో అధిక భాగం ఆటకు దిగకుండా బల్ల చివర కూర్చోవడమే. సాధనలో మాత్రం అతని విలువ వేరు: లీగులోని మహామహులు ఎలా ఆడతారో నేర్చుకుని, తన జట్టు పెద్దలకు ఎదురు నిలబడి, రేపటి ప్రత్యర్థిగా నటించేవాడు. “నేను సోమవారం ఒకడిని, గురువారం ఇంకొకడిని మాష్టారూ,” అని సెలవులకు వచ్చినప్పుడు నాతో అన్నాడు. “ఎవడి ఒళ్ళు కావాలంటే వాడి ఒళ్ళు అద్దెకిస్తా.” ఆ మాటకు అప్పుడు ఇద్దరమూ నవ్వాం. ఒకే ఒక రాత్రి, తుపాను వల్ల సగం జట్టు విమానాశ్రయంలో చిక్కుకుపోతే, అతను మొదటినుంచి చివరివరకూ ఆడి పంతొమ్మిది పాయింట్లు సాధించాడు. ఆ వార్త వచ్చిన పత్రిక కత్తిరింపులు నా దగ్గర మూడున్నాయి. తర్వాతి శరదృతువులో శిబిరం మొదలైన వారానికే జట్టు అతన్ని వదిలించుకుంది; అతని సంచి తలుపు బయట కనిపించింది.

అక్కడినుంచి పెన్సిల్వేనియా బొగ్గు పట్టణాల చిన్న లీగు. అయిదుగురు పొడుగాటివాళ్ళు ఒకే కారులో మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా కుక్కుకుని వెళ్ళడం, బాయిలరు గదిలో బట్టలు మార్చుకోవడం, సైనికుల కవాతు హాళ్ళలో ఆడటం. ఆ పైన బెల్జియం. మ్యూజ్ నదీతీరంలో ఒక చిన్న పట్టణపు జట్టును అక్కడి మాంసం వ్యాపారి పోషించేవాడు. గెలిచిన వారం ఆటగాళ్ళ ఇళ్ళకు సాసేజిల దండలు పంపేవాడు. ఆ జట్టుకు ఇద్దరు అమెరికన్లను పెట్టుకునే వీలుంది. రెండోవాడు సైలస్ రెన్‌ఫ్రో, ఆర్కన్సాస్ పత్తి చేల మనిషి. నాయనమ్మ పెంచింది, ఆమె పోయాక అతనికి ముందూ వెనుకా ఎవరూ లేరు.

సైలస్ గురించి డెల్మార్ తల్లికి రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఒకే హాస్యం. సైలస్‌కు చెమట పట్టినట్టు లోకంలో ఎవరికీ పట్టదట. ఆట సగమయ్యేసరికి అతని జెర్సీ పిండితే బకెట్టు అడుగు మునుగుతుందట. అతను నిలబడిన చోటల్లా నేల తుడవడానికి జట్టువాళ్ళు ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టారట.

ఇక మా ఆచారం సంగతి. వెనకటి రోజుల్లో, పెద్ద వరద వచ్చిన ఏడు, మా జట్టు కుర్రవాడొకడు నదిలో పోయాడు. తర్వాతి ఆటకు ముందు అతని స్నేహితుడు నేల నడుమ నిలబడి బంతిని ఒక్కసారి వదిలాడు. మళ్ళీ పట్టుకోవడానికి చేతులు రాలేదు. బంతి ఎగిరింది, పడింది, ఇంకా తక్కువ ఎత్తు ఎగిరింది, చివరికి నేలనంటి వణికి తనంత తానే ఆగింది. అందాకా హాలంతా ఊపిరి బిగబట్టింది. నాటినుంచీ మా ఆటగాడెవరైనా చనిపోతే, ఊళ్ళో జరిగే మొదటి ఆట రోజున అతని జెర్సీని తాడుతో దూలం దగ్గరికి ఎత్తుతారు, పేరు చదువుతారు, బంతి వదులుతారు. అది ఆగేదాకా ఎవరూ దాన్ని ముట్టరాదు. పాత ఆటగాళ్ళకు మొదటి వరుసలో కుర్చీలుంటాయి, వాటి వీపున ఇత్తడి నంబరు బిళ్ళలు. జెర్సీ ఎత్తిన మరుక్షణం ఆ బిళ్ళ ఊడదీస్తారు. బతికి ఉన్నవాడికి కుర్చీ, పోయినవాడికి దూలం. రెండూ ఒకరికే ఉండవు.

ఆ జనవరిలో బెల్జియంలో మంచు కప్పిన వంతెన మీదినుంచి జట్టు బస్సు నదిలో పడింది. డ్రైవరూ ఒక ఆటగాడూ మరణించారు. ఆటగాడి ఒంటిమీద ఉన్న కోటు వెనుక హోస్కిన్స్ అని కుట్టి ఉంది. వార్త గురువారం మా ఊరి రేడియో వాళ్ళకు అందింది. ముఖం పోల్చుకున్నారా, వేలిముద్ర చూశారా, ఇంకొక్క రోజు ఆగుదామా అని అడిగినవాడు లేడు. శుక్రవారం ఊళ్ళో ఆట ఉంది, ఆచారం తప్పకూడదు. అంతే.

తాడు లాగింది కోచ్ హార్మన్ ట్రెడ్‌వే. డెల్మార్‌కు ఆట నేర్పినవాడు, ఊరంతటికీ కోచ్. ఆయన భార్య కూడా ఆయన్ను కోచ్ అనే పిలిచేది. జెర్సీ పైకి వెళ్ళింది. పేరు చదివారు. దీపాలు తగ్గించారు. జట్టు నాయకుడు బంతి వదిలాడు.

నేను ఎప్పటిలాగే పాయింట్ల లెక్క రాసే బల్ల దగ్గర ఉన్నాను, బంతికి పది అడుగుల దూరంలో. అది ఎగిరింది, పడింది, చిన్నదైంది, నేలనంటి వణకడం మొదలుపెట్టింది. ఆగలేదు. మరిగే కుండ మీది మూతలా సన్నగా తడబడుతూ, ఒకే చోట, ఆగకుండా. మొదట దగ్గులు వినిపించాయి. తర్వాత పిల్లలు ఏడ్చారు. రేడియో మనిషి చేతి గడియారం చూపించాడు. రిఫరీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరుసలో ఒక ముసలామె లేచి వెళ్ళిపోయింది.

“ఇంక చాలు,” అన్నాడు కోచ్. ముందుకు నడిచి బంతి మీద కుడికాలు ఆనించాడు.

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆట మొదలైంది. మేము గెలిచాం.

సోమవారం ఐవా ఇంట్లో ఫోను మోగింది. అప్పటికి ఆమె వంటగది నిండా పరామర్శకు ఇరుగుపొరుగువారు తెచ్చిన వంటల గిన్నెలు. ఏ గిన్నె ఎవరిదో రాసి అంటించిన కాగితపు పట్టీలు. నేను ఆ బల్ల దగ్గరే, ఫోనులో గొంతు వినిపించేంత దగ్గరగా కూర్చుని ఉన్నాను కనుక ఆ సంభాషణకు సాక్షిని.

“అమ్మా, నేనే. జ్వరం తగ్గింది. నీకొక చెడ్డ కబురు చెప్పాలి. సైలస్ పోయాడు.”

ఆమె ఫోనును రెండో చెవికి మార్చుకుంది. తర్వాత అంది: “ఎవర్రా నువ్వు?”

“డెల్‌నే అమ్మా. నేను బస్సెక్కలేదు. వాడికి చలేస్తుందంటే నా కోటిచ్చా.”

“నువ్వు డెల్‌వైతే,” అంది ఆమె, కళ్ళు ధారలు కడుతూ ఉండగా, “ఈ ఊరందరి గిన్నెలు నేనేం చేసుకోను రా? సగం తినేశాను కూడా.”

ఊరు సంతోషించింది, అందులో సందేహం లేదు. కానీ జెర్సీ దించమని అడగగానే అందరి ముఖాలూ ఒకేలా మారాయి. ఎత్తినది దించరాదు. దించితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఎవరూ చూడలేదు కనుక దించరాదు. ఇంతటి పటిష్ఠమైన తర్కాన్ని నేను మధ్యయుగాల చరిత్రలో కూడా చదవలేదు.

కోచ్ అప్పట్లో దాన్ని నవ్వులాటగా తేల్చేశాడు. “ఎప్పటికైనా పోవాల్సినవాడేగా మాష్టారూ. అప్పటికి మనకో పని తగ్గుతుంది.”

ఆ శుక్రవారం తర్వాత డెల్మార్‌కు చెమట పట్టలేదు.

ఇది అలంకారం కాదు. జ్వరం తగ్గి నేలమీదికి దిగిన మొదటి రోజే, పావుగంట పరుగు తర్వాత, అతని ఒళ్ళు పొడి ఇటుకలా కాలింది. కళ్ళు తిరిగి పడ్డాడు. మళ్ళీ దిగాడు, మళ్ళీ పడ్డాడు. బ్రస్సెల్స్ నుంచి వచ్చిన వైద్యులు అతన్ని వేడి గదిలో కూర్చోబెట్టి, చర్మం మీద ఏవో పొడులు చల్లి చూశారు. పొడి పొడిగానే ఉంది. గ్రంథులు బాగానే ఉన్నాయనీ, అవి పనిచేయకపోవడానికి కారణం కనిపించడం లేదనీ రాసిచ్చారు. మాంసం వ్యాపారి ఏడ్చి, రెండు దండల సాసేజిలు ఇచ్చి, అతన్ని పంపేశాడు. వృత్తి ఆటగాడిగా డెల్మార్ హోస్కిన్స్ జీవితం అక్కడ ముగిసింది. ఎముక విరగలేదు, మోకాలు చెడలేదు, వయసు ఇరవై ఏడు.

ఊరికి వచ్చాక వేసవిలో పొలం పని కుదరలేదు, గిడ్డంగి పనీ కుదరలేదు. చివరికి కోళ్ళ కంపెనీ శీతల గిడ్డంగిలో చేరాడు. అందరూ ఆవిర్లు కక్కుతూ వణికే ఆ గదిలో అతను చొక్కా చేతులు మడుచుకుని పనిచేసేవాడు. జూలైలో సెలవు రోజుల్లో కూడా వెళ్ళి ఆ తలుపు లోపల కూర్చునేవాడు.

ఊరి నాలుక ఊరుకోదు. “ఏం కీర్తిశేషా, కాఫీ తాగుతావా?” అని పలకరించేవారు హోటల్లో. “చల్లారిపోయిందే ఇవ్వండి, అలవాటేగా,” అని అతనూ అనేవాడు. హాలు దగ్గర టికెట్లమ్మే ఆమె అతని దగ్గర డబ్బు పుచ్చుకునేది కాదు: “పోయినోళ్ళకి టికెట్టేంటి బాబూ, వెళ్ళు.” లోపల మొదటి వరుసలో అతని కుర్చీకి బిళ్ళ లేదు. బిళ్ళ లేని కుర్చీలో పాత ఆటగాడు కూర్చోకూడదు. అతను తలుపు పక్కన గోడకానుకుని నిలబడేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ, అతని పక్కనుంచే నడిచిపోతూ పలకరించనివాళ్ళు ఎక్కువయ్యారు. పొగరుతో కాదు. వాళ్ళకు నిజంగానే కనిపించేవాడు కాదు. నేను చేయి పట్టి ఆపి చూపిస్తే ఉలిక్కిపడేవారు. “అరె, ఇక్కడే ఉన్నావా డెల్?”

హాల్లో తడి మొదలైన సంగతి ఇక్కడ చెప్పాలి. ముప్పై నాలుగో జెర్సీకి సరిగ్గా కింద, ఉత్తరం వైపు బంతి వేసే వల దగ్గర, ఆట రోజుల్లో నేల చెమర్చేది. కప్పు కారుతోందన్నారు. కప్పు బాగుచేయించారు. మళ్ళీ తడి. మళ్ళీ బాగుచేయించారు. ఆ బిల్లులన్నీ నా దగ్గరున్నాయి. ఆ సొమ్ముతో గ్రంథాలయానికి కొత్త గోడలు లేచేవి. చుక్క వాన పడని జనవరిలో, ఆట ఉన్న శుక్రవారం మాత్రమే కారే కప్పును మా పాలకమండలి ఏళ్ళ తరబడి బాగుచేయిస్తూనే ఉంది.

ఒకసారి పొరుగు జిల్లా రిఫరీ ఆటకు ముందు ఆ చోట జారాడు. తువ్వాలుతో తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, మా బల్లవైపు వచ్చాడు.

“మీ కుర్రాళ్ళలో ఎవడో దారుణంగా చెమటోడుస్తున్నాడయ్యా. చొక్కా మార్పించండి.”

“మావాళ్ళింకా లోపలే ఉన్నారు,” అన్నాను. “నేలమీదికి ఎవరూ రాలేదు.”

అతను తువ్వాలును ఒకసారి చూసి, మడత పెట్టి, బల్లమీద ఉంచి వెళ్ళిపోయాడు. ఆ మరుసటి ఏడు అతను మా ఊరి ఆటలు ఒప్పుకోలేదు.

ఈ మాట నేను తలుపు దగ్గరున్న డెల్మార్‌కు చెప్పాను. అతను నన్ను దాటి నేలమీదికి నడిచాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆటస్థలపు గీత దాటడం అదే మొదలు. తడి దగ్గర ఒంగి రెండు వేళ్ళు ముంచాడు. తలెత్తి దూలంవైపు చూశాడు. గాలి లేని హాల్లో ఆ ఒక్క జెర్సీ, అటూ ఇటూ ఉన్నవి కదలకుండా ఉండగా, వీపు దగ్గర పొంగుతూ తగ్గుతూ ఉంది.

“సైలస్,” అన్నాడు.

తర్వాత హోటల్లో కూర్చుని, మంచునీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా చెప్పాడు. “అక్కడున్నది నేను కాదు మాష్టారూ. పోయిందెవరు? వాడు. ఒంటిమీదున్నదెవరి కోటు? నాది. మీరంతా పిలిచింది నా పేరు, వచ్చింది వాడు. బంతి ఆగనివ్వలేదు కదా. వాడింకా ఆడుతూనే ఉన్నాడు. నా వంతు చెమట కూడా వాడే కారుస్తున్నాడు.”

“ఏం చేద్దామంటావు?”

“నా కుర్చీ సంగతి తర్వాత. ముందు వాణ్ణి దించాలి. వాడి పేరు చెప్పి బంతి వెయ్యాలి. ఈసారి ఆగేదాకా ఆగాలి. ఎవరూ లేనోడు మాష్టారూ. వాడి కోసం లోకంలో ఎక్కడా ఎవరూ బంతి వెయ్యలేదు.”

మేము పాలకమండలికి విన్నవించుకున్నాం. కారణం అడిగితే డెల్మార్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు, అంతకంటే అన్యాయం చేశారు. చర్చ వాయిదా వేశారు. మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ వాయిదా. తాడు బాధ్యత కోచ్‌ది గనుక ఆయన మాటే చెల్లుతుందన్నారు. కోచ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, “బయటోడికి మన హాల్లో బంతి వెయ్యడం ఎన్నడూ లేదు,” అన్నాడు. ఆర్కన్సాస్ కుర్రవాడొకడు తమ పొరపాటును మోస్తూ పాతికేళ్ళుగా తమ దూలానికి వేలాడుతుంటే, వాడు బయటివాడట. లోపలికి తెచ్చింది ఎవరు? నేను ఆ సభలో ఈ ప్రశ్న అడిగాను. కార్యక్రమ నివేదికలో దాన్ని నమోదు చేయలేదు. నేను చేసుకున్నాను.

చివరికి కాలమే మెడమీదికి వచ్చింది. నాలుగు ఊళ్ళ బడులు కలిపి రహదారి పక్కన కొత్త బడి కట్టారు. మా హాలు ఆ ఫిబ్రవరితో మూత. జెర్సీలన్నీ కొత్త బడి నడవాలో గాజుపెట్టెలో పెట్టి, గాలి చొరకుండా సీలు వేస్తామని ప్రకటించారు. బట్ట చెడకుండా ఉండటానికట.

ఆ ప్రకటన వచ్చిన రోజు డెల్మార్ మా ఇంటి తలుపు తట్టాడు. ముఖం ఎర్రగా కాలి ఉంది, ఫిబ్రవరిలో.

“గాలాడని పెట్టెలో పెడతారంట. కోచ్ ఇంటికెళ్దాం రండి. నేనొక్కణ్ణే వెళ్తే ఆయన నన్ను చూడడు.”

కోచ్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఎనభై దాటాయి, చేతికర్ర మోకాళ్ళ మధ్య ఉంది. డెల్మార్ ఎదుటికి వెళ్ళి, అంత పొడుగు మనిషి, నేలమీద మోకరిల్లినట్టు కూర్చున్నాడు.

“కోచ్, నేను డెల్‌ని.”

“తెలుసురా అబ్బాయ్. పోయాక కూడా నువ్వింత సతాయిస్తావనుకోలేదు.”

“ఒక్క మాట అడగడానికొచ్చా. కాలు తియ్యండి.”

“ఏ కాలు?”

“బంతి మీద పెట్టింది.”

కోచ్ ముఖంలో ముందు కోపం వచ్చింది, తర్వాత అది పోయింది, దాని కింద ఏమీ మిగల్లేదు. ఆయన ఒంగలేక, కర్రతో కుడికాలి చెప్పు తోసేశాడు.

“మాష్టారూ, మీరు చదువుకున్నోరు. చెయ్యి పెట్టి చూడండి.”

మేజోడు మీదుగా ఆ పాదం కింద అరచెయ్యి పెట్టాను. మరిగే కుండ మీది మూతలా, సన్నగా, ఆగకుండా వణుకుతోంది. మోకాలు కదలడం లేదు; మడమ కదలడం లేదు. అరికాలి కింద, చర్మానికీ నేలకూ మధ్య ఉన్నదేదో కదులుతోంది.

“ఆ శుక్రవారం నుంచీ ఇంతే,” అన్నాడు కోచ్. “నిద్రలో కూడా. డాక్టర్లకి నరం అని చెప్పా. మా ఆవిడకీ అదే చెప్పా. దించితే ఏమవుద్దో అని భయం రా డెల్. నువ్వు అక్కడికక్కడే పడిపోతావేమోనని.”

“పడితే పడతా. ఆ తాడు ఎలాగూ ఖాళీగానే ఉంటుంది కదా,” అన్నాడు డెల్మార్.

కోచ్ నవ్వబోయి నవ్వలేకపోయాడు. “శనివారం మధ్యాహ్నం,” అన్నాడు. “మండలికి చెప్పకండి. వాయిదా వేస్తారు.”

శనివారం హాలు తలుపు తీసింది ఒపల్, అక్కడ ముప్పై ఏళ్ళుగా ఊడ్చి తుడిచే మనిషి. ఎవరికీ చెప్పలేదు, అయినా మొదటి వరుసలో పాత ఆటగాళ్ళు కొందరు అప్పటికే కూర్చుని ఉన్నారు, కోట్లు విప్పకుండా. ఎలా తెలిసిందని నేను అడగలేదు. హాలు లోపల బయటికంటే చలిగా ఉంది. మా మాటలు ఆవిరై కనిపిస్తున్నాయి.

కోచ్ తాడు ముడి విప్పాడు. చేతులు చాలకపోతే నేనూ పట్టాను. గుడ్డముక్క బరువు కాదది. బావిలోకి నిండు చేద దించుతున్నట్టు అరచేతులు కోసుకుపోయాయి. జెర్సీ కిందికి వస్తుంటే చుక్కలు ముందుగా నేలను తాకాయి, ఒకటి, తర్వాత ఒకటి, తర్వాత ధారగా. దాన్ని డెల్మార్ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తడిసి నల్లబడి ఉంది. అందులోంచి ఆవిరి లేస్తోంది. ఇప్పుడే ఎవరో ఆటలోంచి వచ్చి తీసి ఇచ్చినట్టు వెచ్చగా ఉందని, ముట్టుకున్నవాణ్ణి గనుక, రాస్తున్నాను.

మొదటి వరుసలో ఒకతను టోపీ తీశాడు.

డెల్మార్ జెర్సీని ఒళ్ళో పెట్టుకుని నేలమీదే కూర్చుని, గట్టిగా కాదు, పక్కవాడితో అన్నట్టు అన్నాడు. “సైలస్ రెన్‌ఫ్రో. ఆర్కన్సాస్. వాడి నంబరు పదకొండు. ఆట అయిపోయింది రా సైలస్. కోటు నువ్వే ఉంచుకో.”

కోచ్ బంతి వదిలాడు.

అది ఎగిరింది, పడింది. చప్పుడు ఖాళీ కుర్చీల్లోకి వెళ్ళి తిరిగి వచ్చింది. చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, నేలనంటి వణికింది. మేము ఎదురుచూశాం. పై కిటికీల వెలుగు ఒక వరుస కుర్చీలు దాటి రెండో వరుసకు చేరింది. బంతి వణుకుతూనే ఉంది. కోచ్ కుర్చీలో కూర్చుని, కుడి మోకాలును రెండు చేతులతో గట్టిగా వెనక్కి పట్టుకుని ఉన్నాడు, దానంతట అది ముందుకు వెళ్ళిపోతుందేమో అన్నట్టు. ఎవరూ దగ్గలేదు. ఒక దశలో నాకు ఇది ఎన్నటికీ ఆగదనీ, మేమంతా ఇలాగే కూర్చుని ఉండగా కొత్త బడివాళ్ళు వచ్చి హాలుకు తాళం వేస్తారనీ అనిపించింది.

వెలుగు మూడో వరుస అంచుకు వెళ్ళింది. బంతి సగం తిరిగింది. ఆగింది.

కోచ్ మోకాలు వదిలి, పాదాన్ని నేలమీద ఆనించి, తల పక్కకు వంచి విన్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత కర్ర కింద పెట్టేశాడు.

డెల్మార్ ఒళ్ళో ఉన్న జెర్సీ పొడిగా, బిరుసుగా, పాతికేళ్ళ దుమ్ముతో ఉంది. వేళ్ళు తగిలితే మడతల దగ్గర పొట్టులా రాలుతోంది. ఉత్తరపు వల కింద నేల కూడా పొడిగానే ఉంది.

నేను జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీశాను. ఊడదీసిన రోజు దాన్ని పారేయబోతుంటే తీసి దాచాను, మరలతో సహా. మొదటి వరుసలో అతని కుర్చీ వీపుకు బిగించాను. డెల్మార్ వచ్చి అందులో కూర్చున్నాడు. మోకాళ్ళు ముందున్న గీతదాకా వచ్చాయి. పక్క కుర్చీలవాళ్ళు జరిగి చోటిచ్చారు. అతన్ని కళ్ళారా చూసి మరీ చోటిచ్చారు.

కొంతసేపటికి అతను పై పెదవి తుడుచుకుని, తన వేళ్ళవైపు చూసుకున్నాడు.

“ఒపలమ్మా, హీటర్ మరీ ఎక్కువ పెట్టావు,” అన్నాడు.

“హీటరెక్కడిది బాబూ,” అంది ఆమె. “బాయిలరు చచ్చి నెలయింది.”

అతని నుదుటి మీదినుంచి ఒక చుక్క కనుబొమ్మలోకి జారింది. దాని వెనకే ఇంకొకటి. కోచ్ తన మెడలోని తువ్వాలు తీసి, ఆట మధ్యలో బల్ల దగ్గరికి వచ్చిన కుర్రవాడికి విసిరినట్టు, అతని ఒళ్ళోకి విసిరాడు.

“తుడుచుకోరా అబ్బాయ్,” అన్నాడు. “నేల తడిపేస్తున్నావు.”